టర్బో కారు వేడి లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్ళే. అనంతపురం వైపు నుంచి వచ్చే ఆ దారి కదిరి దాటి మదనపల్లె చేరుతుంది. అక్కణ్ణుంచి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. టమాటా దిగుబడి జోరుగా ఉన్న నెలల్లో ఆ రోడ్డంతా క్రేట్లు నింపుకున్న లారీలదీ పికప్‌లదీ. ఇవాళ రోడ్డెక్కుతున్న ఆ డీజిల్ బళ్ళలో దాదాపు అన్నింటికీ టర్బోచార్జర్ ఉంటుంది. టర్బో అంటే రేసు కార్ల సంగతి అనుకునేవాళ్ళు ముందుపోయే పికప్ ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే సన్నటి ఈలను ఒకసారి చెవినిపెడితే చాలు.

పెట్రోలు టర్బోలూ ఈ నేలకు కొత్త కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019లో బయటికొచ్చిన సెల్టోస్‌కు 140 పీఎస్ టర్బో పెట్రోల్ ఇంజను పెట్టారు. 2023లో దాని స్థానంలో 160 పీఎస్ ఇంజను వచ్చింది. అంతకుముందే 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015లో ఫియట్ అబార్త్ పుంటో మన మార్కెట్లో దిగాయి. తర్వాత 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చింది. అసలైన స్పోర్ట్స్ కార్లు కొనలేని కుర్రకారుకు ఇవే స్పోర్ట్స్ కార్లు.

వీటిలో ఫియట్ కార్ల తయారీ మన దేశంలో 2019 నాటికే ఆగింది, పోలో 2022లో ఆగింది. వారంటీ తీరి, విడిభాగాల కోసం వెతుక్కోవలసిన ఇలాంటి కార్లే సెకండ్ హ్యాండులో చవగ్గా దొరుకుతాయి. కొన్నవాళ్ళలో కొందరు పానాలు చేతపట్టి పని తామే మొదలుపెడతారు. పెద్ద రేడియేటర్, పెద్ద ఇంటర్‌కూలర్, గట్టిగా మోగే సైలెన్సర్ అంటూ జాబితా తయారవుతుంది. చల్లబరిచే పని ఒకటి, సైలెన్సర్ పని మరొకటి అన్నట్టు విడివిడిగా చేసుకుపోతారు. ఇబ్బంది అక్కడే వస్తుంది. టర్బో ఇంజనులో ఈ రెండూ ఒకే వేడి ఖాతాలోని పద్దులు. ఒకచోట చెయ్యిపెడితే రెండోచోట అంకె మారుతుంది.

పారేసే పొగతో పని

పెట్రోలు కాలినప్పుడు పుట్టే శక్తిలో బండిని నడిపేందుకు దక్కేది స్థూలంగా మూడో వంతు. ఇంకో మూడో వంతు వేడి పొగ రూపంలో సైలెన్సర్ దారిన పోతుంది. మిగతాది సిలిండర్ గోడల నుంచి, హెడ్ నుంచి, ఆయిల్ నుంచి రేడియేటర్‌కు చేరుతుంది. పొగతో పోయే ఆ వాటాలో కొంత వెనక్కి రాబట్టవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. బయటికిపోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువ దొరికితే ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు, చిన్న ఇంజను పెద్ద ఇంజనంత పని చేస్తుంది.

ఎత్తైన చోట్లలో దీని విలువ ఏమిటో 1918లో తేలింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీరు శాన్‌ఫోర్డ్ మాస్, లిబర్టీ అనే విమాన ఇంజనును కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం మీదికి, సుమారు 4,300 మీటర్ల ఎత్తుకు మోయించాడు. నేల మీద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజను పైన పలచటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే అదే కొండమీద 356 ఇచ్చింది.

అంత ఎత్తు కాకపోయినా మన దగ్గరా ఓ కొండ ఉంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటే, అక్కడికి దగ్గర్లోని హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరంతో పోలిస్తే మదనపల్లెలో గాలి పీడనం 8 శాతం, హార్స్‌లీ హిల్స్ పైన 14 శాతం తక్కువ. టర్బో లేని కారు కొండపైకి చేరేసరికి దాదాపు ఆ మేరకు బలం కోల్పోతుంది. టర్బో ఉన్న కారుకు ఆ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే లోపలి చక్రం మరికొంత వేగంగా తిరిగి లోటు పూడుస్తుంది. చిన్న కార్ల టర్బో ఇరుసు పూర్తి బలం మీద నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతుంది. ఆ చుట్ల ఖరీదు వేడి రూపంలో చెల్లించాలి.

నొక్కితే వేడెక్కే గాలి

సైకిల్ పంపు కొట్టినవాళ్ళకు గొట్టం అడుగు కాలడం తెలుసు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బోలో ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టి చూడవచ్చు. మదనపల్లెలో వేసవి మధ్యాహ్నం, గాలి 40 డిగ్రీలు, పీడనం సుమారు 0.93 బార్. దాన్ని 2 బార్ల దాకా నొక్కాలి. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే బయటికొచ్చే గాలి దాదాపు 150 డిగ్రీలు ఉంటుంది. అదే హార్స్‌లీ హిల్స్ మీద చల్లగా 25 డిగ్రీల గాలి పీల్చినా, అక్కడి పీడనం 0.87 బారే కాబట్టి ఎక్కువ నొక్కాలి. అప్పుడు 140 డిగ్రీలు వస్తుంది. పీల్చిన గాలిలో 15 డిగ్రీల తేడా ఉన్నా, నొక్కి వదిలాక పదే మిగిలింది. కొండగాలి చల్లదనం ఇంజనుదాకా పూర్తిగా చేరదు.

అంత వేడి గాలి సిలిండర్లోకి పోతే రెండు నష్టాలు. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. రెండోది ఇంకా ప్రమాదం. స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట తనదాకా వచ్చేలోపే మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. పిస్టన్ అంచులు విరిగేది, హెడ్ గ్యాస్కెట్ పోయేది ఎక్కువగా ఇందువల్లే. అందుకే టర్బోకూ ఇంజనుకూ మధ్య ఇంటర్‌కూలర్ అనే గాలి రేడియేటర్ పెడతారు. 150 డిగ్రీల గాలిని అది 60కి దించితే, అదే పీడనంలో 27 శాతం ఎక్కువ గాలి సిలిండర్లో పడుతుంది.

ఈ సమస్యకు 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు వేరే దారి పట్టింది. ఇంటర్‌కూలర్ బదులు, నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిలకరించారు. ఆ ద్రవం ఆవిరవుతూ గాలిని చల్లబరిచేది. ఆలోచన మంచిదే కానీ ట్యాంకు అయిపోయిన ప్రతిసారీ నింపాల్సింది యజమాని. చాలామంది నింపలేదు. ద్రవం లేనప్పుడు బలం తగ్గించే ఏర్పాటు ఉన్నా, ఫిర్యాదులు ఎక్కువై చాలా కార్లకు టర్బోలు ఊడబీకి మామూలు కార్బ్యురేటర్లు బిగించారు. రెండేళ్ళకే ఆ మోడల్ ముగిసింది.

ఫార్ములా వన్‌లో రెనో 1977లో మొదటి టర్బో కారు దించినప్పుడు అది తరచూ పొగలు కక్కుతూ ఆగిపోయేది. పసుపు రంగు కారు కాబట్టి పోటీదారులు దాన్ని పసుపు టీపాట్ అని ఎగతాళి చేశారు. ఇంజనీర్లు ఒక టర్బో బదులు రెండు చిన్నవి పెట్టారు, ఇంటర్‌కూలర్లు మెరుగుపరిచారు. 1979లో జాన్ పియర్ జబూయి నడిపిన రెనో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి గెలిచింది.

ఇంట్లో పనిచేసుకునేవాళ్ళు ఇంటర్‌కూలర్ విషయంలో చేసే సామాన్యమైన పొరపాటు పరిమాణం మీద మోజు. బంపర్ వెనక బారెడు ఇంటర్‌కూలర్ బిగిస్తే, దాన్ని దాటి వచ్చిన వేడి గాలే వెనకున్న ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ అందుతుంది. ఇంజనులోకి పోయే గాలి చల్లబడి, కూలెంట్ వేడెక్కుతుంది. లోపలి దారి పొడవైనకొద్దీ టర్బో నింపాల్సిన ఖాళీ పెరిగి పికప్ ఆలస్యమవుతుంది. కారులో చల్లబరిచే ప్రతి భాగం అదే గాలిని పక్కవాటితో పంచుకోవాలి.

కొండది తప్పు కాదు

సెల్టోస్ ఇంజను ఇచ్చే 160 పీఎస్ అంటే 118 కిలోవాట్లు. ఆ ఇంజను పూర్తి బలం ఇస్తున్న క్షణంలో కూలెంట్‌లోకి చేరే వేడి 90 నుంచి 100 కిలోవాట్ల దాకా ఉంటుంది. ఇళ్ళలోని 2 కిలోవాట్ల గీజర్లు యాభై దాకా ఒకేసారి వేసినట్టు. అయితే మామూలు రోడ్డు మీద ఆ స్థితి కొన్ని సెకండ్లకు మించి ఉండదు.

మరి ఘాట్ రోడ్డు మీద? మనుషులతో కలిపి 1,500 కిలోల కారు 500 మీటర్ల ఎత్తుకు 20 నిమిషాల్లో ఎక్కిందనుకుంటే, ఎత్తడానికి కావలసింది సుమారు 6 కిలోవాట్లే. టైర్ల రాపిడి, గేర్ల నష్టం కలిపినా పదికి అటూఇటూ. అప్పుడు కూలెంట్‌కు చేరే వేడి 10 నుంచి 15 కిలోవాట్లు ఉండవచ్చు. రేడియేటర్ పూర్తి సత్తాలో అది ఏడో వంతుకు కాస్త అటూఇటూ. అంటే ఆరోగ్యంగా ఉన్న కారు ఏసీ వేసుకుని కూడా హార్స్‌లీ హిల్స్ సునాయాసంగా ఎక్కాలి. ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు లేస్తే తప్పు కొండది కాదు, బండిది. రెండో గేరులో నెమ్మదిగా పోయేటప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి మొత్తం భారం ఫ్యాన్ మీద పడుతుంది. ఫ్యాన్ మోటారు, రిలే, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టీ పురుగులూ ముందు చూడాల్సినవి. లోడు లారీ సంగతి వేరు. అది ఎత్తు పొడవునా ఇంజను మొత్తం బలం వాడుతుంది.

ఫ్యాన్ తర్వాత రేడియేటర్ మూత. ధర కొన్ని వందల్లో ఉండే ఈ మూత చేసే పని చాలా పెద్దది. మదనపల్లె ఎత్తులో మామూలు నీళ్ళు 98 డిగ్రీల దగ్గర, హార్స్‌లీ హిల్స్ మీద 96 దగ్గర మరుగుతాయి. మూత స్ప్రింగు లోపల 1.1 బార్ల అదనపు పీడనం నిలబెడితే మరిగే హద్దు 120కి జరుగుతుంది. సగం సగం కూలెంట్ కలిపితే 130 దగ్గరికి పోతుంది. స్ప్రింగు బలహీనపడ్డా, రబ్బరు వాషరు ఎండి పగిలినా ఆ రక్షణంతా పోతుంది. వేల రూపాయలు పోసి అల్యూమినియం రేడియేటర్ కొన్నాక కూడా బండి మరగడానికి చాలాసార్లు కారణం ఈ చిన్న మూతే.

మూడోది థర్మోస్టాట్. మైనం కరిగి వ్యాకోచించడం మీద పనిచేసే ఈ వాల్వ్ సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. మన షెడ్లలో బండి హీటెక్కిందంటే దాన్ని పీకి పక్కనపెట్టే అలవాటు ఇంకా ఉంది. పాత ఇంజన్లకు అది ఎలాగో చెల్లింది. నేటి ఇంజన్లలో ఇంజను చల్లగా ఉందని కంప్యూటర్ అనుకుని అదనంగా పెట్రోలు పోస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, సిలిండర్లు అరుగుతాయి. ఇంకో చిక్కూ ఉంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగొస్తుంది. చల్లబరచాలని చేసిన పని ఎండాకాలం ట్రాఫిక్‌లో వేడిని పెంచుతుంది.

బోరు నీళ్ళు, కూలెంట్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగిన చోట్లున్నాయి. ఆ నీళ్ళు కాచిన గిన్నెలకు తెల్లటి పొర కడుతుంది. అదే పొర ఇంజను లోపలి దారుల్లోనూ, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. అల్యూమినియం వేడిని ఎంత తేలిగ్గా పంపుతుందో ఆ సున్నపు పొర అందులో నూరో వంతుకు అటూఇటుగా మాత్రమే పంపగలదు. దారిలో ఆగి పంపు దగ్గర సీసా నింపి రేడియేటర్‌లో పోయడం ఆపద వేళకు సరే. ఊరు చేరాక దాన్ని తీసేసి, లోపల కడిగి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయాలి.

కూలెంట్ గురించి ఓ అపోహ ఉంది. అది నీళ్ళకన్నా ఎక్కువ చల్లబరుస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి సగం గ్లైకాల్ కలిపిన ద్రవం మోసే వేడి, అంతే బరువు నీళ్ళు మోసేదానికన్నా ఆరో వంతు తక్కువ. దాని అసలు ఉపయోగం రెండు రకాలు. మరిగే హద్దు పెంచడం ఒకటి, తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు మోయడం రెండోది. మంచు కురవని మదనపల్లెలో గడ్డకట్టే భయం లేదని ఉత్త నీళ్ళతో నడిపేవాళ్ళు ఈ రెండో లాభాన్ని మరిచిపోతున్నారు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు కంపెనీ ఇష్టమే తప్ప రకానికి గుర్తు కాదు. రెండు వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి గొట్టాలు మూసుకుంటాయి. బండి మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి. కారే రేడియేటర్‌లో పసుపు పొడి వేసే పాత లారీ చిట్కాకు టర్బో ఇంజనులో చోటులేదు. రంధ్రం పూడ్చే ఏ పొడైనా టర్బోకు పోయే సన్న గొట్టాన్నీ పూడుస్తుంది.

ఆ సన్న గొట్టం సంగతి విడిగా చెప్పుకోవాలి. పెట్రోలు టర్బోలో పొగవైపు చక్రం 900 డిగ్రీలు దాటిన వాయువుల మధ్య తిరుగుతుంది. దానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఇరుసును మోసేది ఆయిల్ పొర. ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తిప్పేస్తే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, చక్రం పక్కనున్న వేడి బేరింగులోకి పాకుతుంది, అక్కడ మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. అలా కొన్నేళ్ళు సాగితే టర్బో ఆయిల్ తాగి నీలి పొగ వదులుతుంది. అందుకే బేరింగు చుట్టూ కూలెంట్ తిరిగేలా కట్టారు. పోలో టీఎస్ఐ లాంటి కార్లలో ఇంజను ఆగాక కూడా కొన్ని నిమిషాలు తిరిగే చిన్న కరెంటు పంపు ఉంటుంది. ఆ చప్పుడు విని లోపమనుకుని వైరు పీకేసేవారుంటారు. గట్టిగా నడిపాక ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపడం పైసా ఖర్చులేని మంచి అలవాటు.

కూలెంట్ మార్చడం ఇంటి దగ్గర హాయిగా చేసుకోదగ్గ పనే. ఇంజను పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోకూడదు. వేడి మీద తీస్తే 110 డిగ్రీల ద్రవం పీడనం పోగానే ఒక్కసారిగా ఆవిరై ముఖాన చిమ్ముతుంది. పాతది బయటికి వదిలి, లోపల కడిగి, కొత్తది నిదానంగా పోయాలి. గాలి బుడగలు మిగలకుండా తీయడమే ఇందులో ఓపిక అవసరమైన భాగం. హీటరు గరిష్ఠానికి తిప్పి, ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంచి, బ్లీడ్ స్క్రూలుంటే వదులు చేసి గాలి పోనివ్వాలి. 1989లో వచ్చిన రెండో తరం టయోటా ఎంఆర్2 టర్బోలో ఇంజను సీట్ల వెనక, రేడియేటర్ బండి ముక్కులో ఉంటాయి. కూలెంట్ గొట్టాలు కారు పొడవునా నేల కింద నడుస్తాయి. ఆ కార్లవాళ్ళకు బుడగలు తీయడం ఇప్పటికీ ఒక పూట పని.

బుడగలు ఎంత తీసినా మళ్ళీ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. దానికి చవకైన పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర గాలిని నీలి రంగు ద్రవం గుండా లాగుతారు. పొగలోని కార్బన్ డయాక్సైడ్ కలిస్తే ద్రవం పసుపుకు తిరుగుతుంది.

పాత కూలెంట్‌ను కాలవలో పారబోయకూడదు. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను దెబ్బతీసే విషం. కుక్కలు నాకుతాయి, పశువులు తాగుతాయి. పుంగనూరు పొట్టి ఆవులను ప్రాణంగా చూసుకునే ఊళ్ళలో దీన్ని మూతపెట్టిన డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకో సర్వీస్ సెంటరుకో ఇవ్వడం కనీస బాధ్యత.

సైలెన్సర్ దాకా అదే వేడి

పొగ దారిలో కొంత అడ్డు ఉండాలి, లేకపోతే పికప్ పోతుందని షెడ్ల దగ్గర వినిపించే మాట టర్బో కార్ల విషయంలో తప్పు. టర్బో చక్రాన్ని తిప్పేది దానికి ముందు, వెనక ఉన్న పీడనాల తేడా. వెనకవైపు పీడనం ఎంత తగ్గితే చక్రం అంత త్వరగా వేగం అందుకుంటుంది. ముందువైపు అంత పొగ పేరుకోదు కాబట్టి సిలిండర్లలో వేడి కూడా కొంత తగ్గుతుంది. అందుకే ట్యూనింగ్ చేసేవాళ్ళు టర్బో వెనక వెంటనే ఉండే డౌన్‌పైపును వెడల్పు చేయాలంటారు.

ఆ లాభం వెంటే ఒక గండం ఉంది. పీడనం హద్దు దాటకుండా కొంత పొగను చక్రం పక్కనుంచి పంపేందుకు వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఉంటుంది. దాని సైజు కంపెనీ పైపు అడ్డును దృష్టిలో పెట్టుకుని నిర్ణయించింది. అడ్డు ఒక్కసారిగా పోతే తలుపు పూర్తిగా తెరిచినా చాలక, పీడనం అదుపు తప్పి పెరగవచ్చు. గాలి పెరిగి ఇంధనం దానికి తగ్గట్టు పెరగకపోతే నాకింగ్ మొదలవుతుంది. కంప్యూటర్ దాన్ని ఆపాలని స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఆలస్యంగా కాలిన మంట పొగదారిలోకి జారుతుంది. పొగ మరింత వేడి, టర్బో మరింత వేడి, కూలెంట్ మరింత వేడి. సైలెన్సర్ దగ్గర మొదలైన పని ముందున్న రేడియేటర్‌కు చుట్టుకున్నదంటే ఇలాగే.

వెనకనుంచి కూడా ఇదే జరుగుతుంది. పొగదారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో తేనెపట్టు ఆకారపు పింగాణీ దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. సుమారు 300 డిగ్రీలు దాటాక అది కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని ఇంధనాన్ని, నైట్రోజన్ ఆక్సైడ్లను చాలావరకు హాని తక్కువైన వాయువులుగా మారుస్తుంది. ఒక ప్లగ్ సరిగ్గా మండక కాలని పెట్రోలు అక్కడికి చేరితే అక్కడే కాలి, దిమ్మ కరిగి దారి మూసుకుపోతుంది. అప్పుడు బండి బలం తగ్గుతుంది, ఎత్తు మీద ముల్లు లేస్తుంది. చూసేవాళ్ళకు రేడియేటర్ జబ్బులా కనిపిస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో పీడన మీటరు బిగించి చూస్తే అసలు సంగతి తేలుతుంది. ఆ పరీక్ష చేయకుండా రేడియేటర్ కొన్న డబ్బు వృథా.

పొగ గొట్టాల పనిలో లోహం తీరు తెలిసి ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మీటరు పొడవున డిగ్రీకి 17 మైక్రాన్లు సాగుతుంది. ఉష్ణోగ్రత 600 డిగ్రీలు పెరిగితే మీటరు గొట్టం ఒక సెంటీమీటరు పొడవవుతుంది. ఇంజను కూడా తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంటుంది. ఈ కదలికకు చోటివ్వడానికే అల్లిక తొడుగున్న మెత్తటి బెలోస్ ముక్క పెడతారు. లేత్ షాపులో డబ్బు మిగలాలని దాన్ని తీసేసి తిన్నగా వెల్డింగ్ కొట్టిస్తే కొన్ని నెలల్లో మానిఫోల్డ్ పగులుతుంది, లేదా టర్బో స్టడ్లు తెగుతాయి. స్టెయిన్‌లెస్ గొట్టాలకు ఆర్గాన్ వెల్డింగే చేయించాలి, గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపితే అతుకు మాడదు. తుప్పు పట్టిన స్టడ్లను ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్‌తో తడిపి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా తిప్పుతూ తీయాలి.

గొట్టాలకు చుట్టే హీట్ ర్యాప్ గుడ్డ బానెట్ కింద వేడిని తగ్గిస్తుంది. అదే గుడ్డ తేమను పట్టి మామూలు ఇనుప గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది, ఆయిల్ కారి తడిస్తే అంటుకుంటుంది. కంపెనీ ఇచ్చిన రేకు కవచాలు చప్పుడు చేస్తున్నాయని పారేయకుండా బోల్టులు మార్చి బిగించుకోవడం ఇంతకన్నా మేలు. బండి కిందికి దూరేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, స్టాండ్లు ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజను ఆడించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

రోడ్డు మీద చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. విశాఖపట్నంలో, హైదరాబాదులో పోలీసులు పట్టుకున్న మోత సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు పత్రికల్లో చాలామంది చూసే ఉంటారు.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే కార్లన్నీ బీఎస్-6 ప్రమాణాలవి. కన్వర్టర్‌కు ముందూ వెనకా సెన్సర్లు ఉంటాయి, దాన్ని తీసేస్తే డాష్‌బోర్డులో ఇంజను దీపం వెలుగుతుంది. దీపం రాకుండా కంప్యూటర్‌ను మోసగించినా, గొట్టంలోంచి వచ్చే విషవాయువు తగ్గదు. అగ్నిప్రమాదమో యాక్సిడెంటో జరిగినప్పుడు చెప్పని మార్పులను చూపి బీమా సంస్థ పేచీ పెట్టవచ్చు. బండిని పూర్తిగా మార్చి నడపాలన్న కోరిక గట్టిగా ఉన్నవారికి ట్రాకులున్నాయి. కుప్పం నుంచి రైల్లో పూటలో చేరే చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేస్ ట్రాక్ నడుస్తోంది. పోటీ కార్లకు అక్కడ దేశ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య (ఎఫ్ఎంఎస్‌సీఐ) నిబంధనలు వర్తిస్తాయి.

ఇంతకూ ఇంటి దగ్గర ఏది చేసుకోవాలి, ఏది మానుకోవాలి? ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్న వరుసలో పోవడం మంచిది. మొదట రేడియేటర్ మూత, హోస్ పైపులు, క్లిప్పులు, కూలెంట్, థర్మోస్టాట్. తర్వాత ఫ్యాన్, దాని తొడుగు, రెక్కల శుభ్రత. ఆపైన పొగదారిలో లీకులు, స్టడ్లు, రేకు కవచాలు, బెలోస్. వీటన్నింటినీ కంపెనీ నుంచి వచ్చిన రోజునాటి స్థితికి తెచ్చాక, కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ రీడరుతో కూలెంట్, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతలు చూడాలి. ఆ అంకెలు మామూలుగా ఉంటే పెద్ద రేడియేటర్ అక్కర్లేదు. లోపలికి పోయే గాలి వేడి మాత్రమే ఎక్కువగా ఉంటే ఇంటర్‌కూలర్ గురించి ఆలోచించవచ్చు, అదీ అదే కారుకు కొలిచి చేసినది. కన్వర్టర్ తీయడం, డౌన్‌పైపు మార్చడం రోడ్డు మీద తిరిగే కారుకు చట్టరీత్యా తగవు. కొలిచే పరికరాలూ ట్యూనింగ్ అనుభవమూ లేనిచోట ఇంజనుకూ తగవు. పాత టర్బో కారు కొన్నవాళ్ళు మొదటి నెల జీతంతో సైలెన్సర్ కాకుండా కొత్త రేడియేటర్ మూత, సరైన కూలెంట్, ఒక ఓబీడీ రీడరు కొనుక్కోవాలి.